కుడి చక్రం వెనక కట్టు

"తాళం ఇయ్యి."

"ఇయ్య."

"సోమవారం పొద్దుగాల బడికి పోనీకి టీచరమ్మలు రోడ్డు మీద నిలబడతరు. నేను పోకుంటే ఇంకో బండి మాట్లాడుకుంటరు. తాళం ఇయ్యి."

"మాట్లాడుకోనియ్యి," అన్నాడు సతీష్.

కారు తాళం అతని చొక్కా జేబులో ఉంది. జేబు మీద అరచెయ్యి ఉంది. మొన్న పుణె బస్సు దిగినప్పటినుంచీ మొగుడి చెయ్యి అక్కడే ఉన్నట్టు అనిపిస్తోంది కృపకు. అన్నం తినేటప్పుడు తీశాడేమో, అది కూడా ఎడమ చేతిని కాపలా పెట్టే తీసి ఉంటాడు.

బిజినేపల్లి కాలనీలో, ఆ ఇంటి ముందు వేపనీడలో, చిన్న తెల్ల కారు తలవంచుకుని నిలబడి ఉంది. ఎడమ పక్క అద్దం విరిగి వేలాడుతోంది. ముందు జాలీలో ఇంకా పత్తి పింజలు చిక్కుకునే ఉన్నాయి. వారం కిందట వనపర్తి రోడ్డు మీద నుంచి ఎవరిదో చేలోకి దిగిపోయినప్పుడు అంటుకున్న పత్తి అది. దాన్ని ఎవరూ తీయలేదు. తీసినవాళ్ల మీదికి తప్పు వస్తుందేమో అన్నట్టు అందరూ దూరం నుంచే చూసిపోతున్నారు.

"బండి గుంజింది," అంది కృప. ఈ మాట వారం నుంచి ఎన్నోసారో ఆమెకే తెలియదు. "నేను తిప్పిన. తిప్పినా తిరగలె."

"బండి గుంజిందా, నువ్వు మబ్బుల ఉంటివా? పొయ్యి మీద పాలు పెట్టి గోడ దిక్కు చూస్తవు. నీళ్లు పట్టబోయి బిందె నిండి పొర్లేదాక నిలబడతవు. నాకు తెల్వదా నీ సంగతి?"

"పాలు పొంగితే పొయ్యి ఆర్తది. నేను గట్ల బండి తోల్తనా?"

"మా అమ్మ చెయ్యి అడుగు, చెప్తది."

ఆ మాటకు ఇద్దరూ గడప వైపు చూశారు. గడప మీద దేవమ్మ కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. ఒడిలో ఆ చెయ్యిని నిద్రపోయిన పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుంది. ఈ వారం ముందు వరకూ దేవమ్మ నోటికి విశ్రాంతి అన్నది లేదు. పక్కింటి కోడి గుడ్డు పెట్టినా ఆమె నోటి మీదుగానే కాలనీకి తెలిసేది. ప్రమాదం తర్వాత ఆ నోరు మూతపడింది. అడిగితే 'ఊ', అడక్కపోతే అదీ లేదు. కోడలి మీద కోపంతోనే మాట పడిపోయిందని చూడవచ్చినవాళ్లంతా అనుకున్నారు. కృప కూడా అదే అనుకుంటోంది, అందుకే అత్త కళ్లలోకి చూడలేకపోతోంది.

"నా కోడలి తప్పు లేదురా," అన్నాడు మంచం మీద నుంచి యోసేపు. విత్తనానికని వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్నాడు. "సక్కగనే తోలింది. నేను చెప్తున్న గద."

"నువ్వు బండ్ల లేవు గద నాయినా."

యోసేపు ఇంకో బుడ్డ చిదిమాడు. దవాఖానలో కట్టు వేస్తున్నప్పటి నుంచి ఈ ఒక్క మనిషే కృప వైపు మాట్లాడుతున్నాడు. డాక్టరుతో చెప్పాడు, చేను మనిషితో చెప్పాడు, అడగని ఆటోవాడితో కూడా చెప్పాడు. కన్నతండ్రి కూడా ఇంతగా వెనకేసుకురాడని కృప లోపల్లోపల ఎన్నిసార్లు దండం పెట్టుకుందో.

మామ అంత గట్టిగా అంటున్నాడు గానీ, నిజానికి కృపకే అంత గట్టి నమ్మకం లేదు.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ కళ్లు చూపించుకుని ఇద్దరూ వనపర్తి నుంచి తిరిగొస్తున్నారు. ఎండ మెత్తగా ఉంది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి పగిలి ఉంది. అంతకుముందు కారు కింద ఎప్పుడూ గడగడమని ఒక చప్పుడు వచ్చేది, అది కొన్నాళ్లుగా లేదు. కొత్త తారు పుణ్యమే అనుకుంది కృప. ఆ నిశ్శబ్దంలో బండి నడుస్తున్నట్టు కాక తేలుతున్నట్టు ఉంది. పైన మబ్బులు తెల్లగా, పక్కన చేలు తెల్లగా, మధ్యలో తను ఎక్కడికో పోతోంది. ఆ తర్వాత చేతుల్లో స్టీరింగ్ బరువు లేకుండా అయిపోయింది. తిప్పింది. తిప్పినా ఏమీ కాలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని మెల్లగా పిలుచుకుపోయినట్టు కారు రోడ్డు దిగి తెల్లటి చేలోకి నడిచింది. 'యేసయ్యా' అని అత్తమ్మ పెట్టిన కేక ఒక్కటే గట్టిగా గుర్తుంది. మిగతాదంతా నీళ్ల అడుగున చూసినట్టే ఉంది.

అటువంటి జ్ఞాపకాన్ని నమ్ముకుని మొగుడితో ఎంతసేపు వాదిస్తుంది ఎవరైనా?

"సాయంత్రం గద్వాల నుంచి బండి కొనే మనిషి వస్తడు," అన్నాడు సతీష్. "నచ్చితే తోలుకపోతడు."

"నన్ను అడగకుంటనే?"

"నిన్ను అడిగితే ఏమంటవో తెలుసు గద."

కృప ఏడుపు మింగి, నెమ్మదిగా అంది. "ఒక్కసారి కిందికి చూడు. స్టీరింగ్ కాడ ఏమైందో చూడు. చూడకుంటనే నాదే తప్పంటివి. చూసి అను."

సతీష్ కారు వైపు చూశాడు. మనిషి మూర్ఖుడు కాడు. పుణెలో రెండేళ్లు గ్యారేజీలో చేసి, ఇప్పుడు టిప్పరు తోలుతున్నాడు. బండి కిందికి చూడకుండా తీర్పు చెప్పడం అతనికీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

"సరే. చక్రాల కాడ స్టీరింగ్ కీళ్లు చూద్దాం. అరిగి ఉంటే తప్పు బండిది. కొత్తవి ఏసి తాళం నీ చేతుల పెడత. గట్టిగుంటే బండి గద్వాలకు పోతది. మల్ల కారు మాట ఈ ఇంట్ల ఎత్తొద్దు. సరేనా?"

"సరే. కిందికి ఎవరు పోతరు?"

"నేను పోత. నువ్వు సీట్ల కూసో."

"నువ్వు చూసి గట్టిగనే ఉందంటే నేను నమ్మాలె?"

"నువ్వు చూసి అరిగిందంటే నేను నమ్మాలె?"

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడించాలి. ఇంకొకరు కింద పడుకుని కీలు మీద చెయ్యి వేసి చూడాలి. మాటలు లేకుండా వంట చేసుకోవచ్చు, పడుకోవచ్చు, సంసారాలు ఏళ్లకేళ్లు గడిపేయవచ్చు. ఈ పనికి మాత్రం ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి.

"ముందు నేను పోత," అంది కృప కొంగు బిగించి. "ఆ దినం స్టీరింగ్ నా చేతులకెల్లి పోయింది. యాడికి పోయిందో ముందు నేనే ముట్టుకుని చూడాలె. తర్వాత నువ్వు పడుకుని ఎంతసేపన్న చూసుకో."

మంచం కిర్రుమంది. యోసేపు లేచి నిలబడ్డాడు. ఒళ్లో బుడ్డలు నేల మీద రాలాయి. "నీకెందుకు బిడ్డా? కండ్లల్ల మట్టి గిట్ల పడ్తది. నేను పోత."

"నీ నడుముకు యాడ అయితది మామా, కూసో."

"అయితది, అయితది. నేను..."

"నాయినా, కూసో," అన్నాడు సతీష్. ముసలాయన కూర్చున్నాడు.

చక్రాలకు రాళ్లు పెట్టారు. బరువు చక్రాల మీద ఉంటేనే అరుగుదల తెలుస్తుందని జాకీ ఎత్తలేదు. కృప సన్నటి మనిషి కాబట్టి ముందు చక్రం వెనక నుంచి గోనెసంచి మీద వెల్లకిలా జరిగి దూరింది. పైనుంచి సతీష్ గొంతు వినిపించింది. "నడుమ నుంచి చక్రం కాడికి ఒక రాడ్డు వస్తది సూడు. దాని కొసకు గుండు ఉంటది, బొంగరమంత. దాని మీద చెయ్యి పెట్టు. నేను తిప్పంగ రాడ్డు, చక్రం కలిసి కదలాలె. నడుమ గుండు ఆడిందంటే అరిగినట్టు. దొరికిందా?"

"ఆ. తిప్పు."

ఎడమ పక్కది ముందు చూసింది. స్టీరింగ్ కదిలినప్పుడల్లా ఇనుము చేతికింద ఒక్క ముక్కగా కదిలింది.

"ఎట్లుంది?"

"గట్టిగుంది." ఆ మాట చెప్పడానికి ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

ఇవతలికి వచ్చి కుడి పక్కకు దూరింది. కింద చల్లగా ఉంది. గ్రీజు వాసన, ఎండిన మట్టి వాసన. వేపాకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు చక్రం పక్కన చిన్న చిన్న నాణేలై ఆడుతోంది. ఈ చీకటిగదిలో ఎవరూ తనను ఏమీ అనరు కదా, ఇక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది. చెయ్యి చాపి గుండు కోసం తడిమింది.

చేతికి ఇనుము తగల్లేదు. మెత్తగా, లావుగా ఏదో తగిలింది.

మెడ తిప్పి చూసింది. కీలు చుట్టూ నల్లటి రబ్బరు చుట్టి ఉంది. సైకిల్ ట్యూబు. సన్నగా చీరి, లాగి లాగి, పొర మీద పొరగా బిగించి, కొసను ముడి వేయకుండా కింది పొరలోకి దోపారు.

ఆ దోపుడు మీద వేలు పెట్టి చూసింది. ఈ ఇంట్లో ఎవరికి తెలియదు అది! బోరు పైపు కారితే అదే కట్టు. పార కర్ర పగిలితే అదే కట్టు. మంచం కోడు వదులైతే అదే, కృప నీళ్ల బిందె అంచు చిట్లితే అదే. మోటారు దగ్గర ఎప్పుడూ నాలుగు పాత ట్యూబులు వేలాడుతుంటాయి. ఏది కారినా, ఏది ఊగినా, ఏది మోగినా మామ ఒక రబ్బరు పేలిక చీరి చుట్టేస్తాడు. ఊరంతా అట్లాగే చేస్తుంది, కానీ కొసను లోపలికి దోపే అలవాటు మాత్రం యోసేపు ఒక్కడిదే.

గడగడమనే చప్పుడు ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది. అది తారు పుణ్యం కాదు. చప్పుడు పోయిందే తప్ప, కట్టు లోపల కీలు అరుగుతూనే ఉంది.

'నా కోడలి తప్పు లేదు.' డాక్టరుకు, చేను మనిషికి, ఆటోవాడికి. ఎంత ప్రేమ అనుకుంది! వారమంతా ముసలాయన కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా వంగి చూడలేదు. కృపకు కోపం వచ్చింది. అంత కోపం మొగుడి మీద కూడా రాలేదు. ఆ కోపం వెనకే బిందెకు కట్టు వేసి, నీళ్లు పోసి, చుక్క కారడం లేదని చిన్నపిల్లాడిలా నవ్విన మామ ముఖం గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది? తిప్పుతున్న గద! ఏమన్న ఆడుతుందా?"

"జర ఆగు."

"పండుకున్నవా ఏంది కింద?"

అతను అప్పటికే తిప్పుతున్నాడు. కట్టు మీద చెయ్యి వేసి చూసింది. బిగువుగా ఉంది, ఏమీ ఆడలేదు. రబ్బరు అంత గట్టిగా పట్టి ఉంచింది. ఉన్నదున్నట్టు చెబితే కీలు మంచిదే, తప్పు తనదే, కారు గద్వాలకు పోతుంది. 'వచ్చి చూడు' అని పిలిస్తే మామ పని అయిపోతుంది. పుణె నుంచి ఉరికొచ్చిన కొడుకు, చెయ్యి విరిగిన భార్య, ఇద్దరి ముందూ ఆ ముసలాయన నిలబడాలి.

కృప వేళ్లతో కొసను వెతికి లాగింది. రబ్బరు మెల్లగా ఊడి వచ్చింది, పొర తర్వాత పొర, ఎంతకీ అయిపోలేదు. మొత్తం ఉండలా చుట్టి బొడ్లో దోపుకుంది.

"ఇప్పుడు తిప్పు."

టక్. టక్. ఊడబోయే పాలపన్నులా గుండు దాని గూట్లో ఊగింది.

"అరిగింది," అంది. "వచ్చి చూడు."

సతీష్ దిగి పడుకుని చూశాడు. చేత్తో పట్టి ఆడించాడు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి తిప్పించి మళ్లీ చూశాడు. బయటికి వచ్చి, వీపు మట్టి దులుపుకోకుండానే ఫోన్ తీసి గద్వాల మనిషికి రావద్దని చెప్పాడు. తర్వాత మోటారు సైకిలెక్కి సామాను కోసం నాగర్‌కర్నూల్ పోయాడు. పెళ్లాంతో ఒక్క ముక్క మాట్లాడలేదు గానీ, పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంత చిన్న చూపుకే కృప ప్రాణం తేలికపడింది. ఇన్నాళ్ల తర్వాత ఆకలి కూడా వేసింది.

యోసేపు చెంబుతో నీళ్లు తెచ్చాడు. చెంబు ఆమె చేతికిచ్చి అక్కడే నిలబడ్డాడు.

"బిడ్డా, కింద..."

"మామా, ఒలిసినయి సంచిల పోసినవా? పొద్దుగాలకు చీమలు పడతయి."

"పోస్త. కింద నీకు..."

"అరిగింది మామా. అంతే. అరగదా మల్ల, ఇనుము?"

ఆయన చెంబు తిరిగి తీసుకోవడం కూడా మరిచి మంచం దగ్గరికి పోయాడు. గడప మీద నుంచి దేవమ్మ ఇద్దరినీ చూస్తోంది. చూపు కోడలి ముఖం మీద కాదు, నడుము దగ్గర ఆగింది. కృప కొంగు సర్దుకుంది. ఆ రబ్బరు ఉండను ఎక్కడైనా పారేద్దామనుకుంది. అత్త కళ్లు పక్కకు తిరిగితే కదా! తర్వాత వేపచెట్టు మీద కాకుల గోల వింటూ, సోమవారం పొద్దున రోడ్డు మీద నిలబడే నలుగురు టీచరమ్మలను, వాళ్ల రంగురంగుల చీరలను, తను తలుపు తీసి 'ఎక్కండమ్మా' అనడాన్ని తలుచుకుంటూ, ఆ ఉండ మాటే మరిచిపోయింది.

సతీష్ రెండు కొత్త కీళ్లు తెచ్చాడు. ఒకటి మారిస్తే రెండోది ఈర్ష్యపడి తొందరగా పోతుందని నవ్వుతూ చెప్పాడు. నవ్వాడు! కృప పానాలు అందించింది.

జాకీ ఎత్తి, కింద మొద్దు పెట్టి, చక్రం విప్పారు. పాత కీలు రాడ్డు మీద ఎక్కడిదాకా ఎక్కి ఉందో సుద్దతో గీత గీశాడు. కొత్తదాన్ని అక్కడికే ఎక్కించకపోతే చక్రాలు చెరో దారి చూస్తాయట.

"మనలెక్క," అంది కృప.

"నోరు మూసుకుని సుత్తె ఇయ్యి," అన్నాడు కానీ ఆ గొంతులో వేడి లేదు. సుత్తితో పక్క నుంచి రెండు పోట్లు వేయగానే బిగుసుకుపోయిన కీలు టప్పున ఊడి వచ్చింది. కొత్తది ఎక్కించాడు. నట్టు బిగించి చీలమేకు దోపి కొసలు వంచాడు. మనిషి పనిలో పడితే ముఖం మీద ముడతలు పోతాయి. పెళ్లయిన కొత్తలో ఈ ముఖాన్నే కృప చాలాసేపు చూస్తూ ఉండేది. ఇప్పుడూ చూస్తోంది.

రెండు పక్కలా అయిపోయింది. సతీష్ కుడి పక్క నుంచి తీసిన పాత కీలును గుడ్డతో తుడవబోయి ఆగాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఎడమదాని మీద ఇంత మందం మట్టి ఉంది. దీని మీద నడుమ మట్టే లేదు. కడిగినట్టుంది. దీనికేదో చుట్టి ఉండె."

కృప కింద పడ్డ పానాలు ఏరడానికి వంగింది.

"ట్యూబు. ఇగో, రబ్బరు అంటుకుంది చూడు." అతను నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. "కట్టు కిందనే ఉండాలె గద? నేను చూసినప్పుడు లేదు. నువ్వే తీసినవు."

"లేదు."

"నడుముల ఏంది అది?"

ఆమె వంగినప్పుడు బొడ్లోంచి నల్లటి కొస ఒకటి జారి వేలాడుతోంది. సతీష్ దాన్ని పట్టుకుని లాగాడు. మొత్తం ఊడి అతని చేతిలోకి వచ్చింది.

"ఓహో," అన్నాడు. గొంతులో వేడి మళ్లీ వచ్చింది. "గందుకేనా నేనే కిందికి పోత, నేనే ముట్టుకుంట అంటివి! మోత వస్తుందని తెలుసు నీకు. అరిగిందని తెలుసు. కట్టు కట్టి, మా అమ్మను ఎక్కించుకుని తోలినవు. బండి పాడైందంటే పుణె నుంచి తిడ్తనని ఎవలకూ చెప్పలె. గట్లనేనా?"

కృప మామ వైపు చూసింది.

యోసేపు ముందు బుడ్డల కుప్ప ఉంది. చేతులు కుప్ప మీదే ఉన్నాయి, కదలడం లేదు. ఒక్క మాట చాలు. కృప ఆ మాట కోసం చూసింది. వేప మీద కాకులు కూడా సద్దుమణిగాయి. తను ఎవరి కోసం దాచిందో ఆ మనిషే తనను ముంచుతాడని తెలిసి ఆమె లోపల ఏదో విరిగింది. చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా.

"నేను కట్టిన," అన్నాడు యోసేపు.

మాట చాలా చిన్నగా వచ్చింది. సతీష్‌కు వినపడలేదేమో అని ఆయనే మళ్లీ అన్నాడు. "నేనే కట్టిన్రా. గడగడ మోగుతుండె. పైపుకు కట్టినట్టే కట్టిన. మోత పోయింది. బాగయింది అనుకున్న. ఆ బిడ్డకు తెల్వదు. నాకు మొదటి దినమే చెప్పబుద్ధయింది. మీ అమ్మ చెయ్యి చూసినంక నోరు రాలె."

సతీష్ చేతిలో రబ్బరు వేలాడుతోంది. తండ్రిని తిట్టలేడు, పెళ్లాన్ని బతిమాలలేడు. తప్పయిందన్న మాట అతని పెదాల దాకా వచ్చి అక్కడే చచ్చింది. జేబులోంచి తాళం తీసి బానెట్ మీద పెట్టాడు.

"వనపర్తికి పోయి చక్రాలు సరి చేపియ్యాలె," అన్నాడు కారు వైపు చూస్తూ. "నువ్వే తోలుకపో."

కృప తాళం తీసుకుంది. ఇంతకాలం దీని కోసమే కొట్లాడింది. చేతికి వస్తే ఎగిరి గంతేస్తాననుకుంది. ఇప్పుడు దాన్ని అతని ముఖాన కొట్టాలనిపిస్తోంది. ఎవరితోనూ ఏమీ అనకుండా సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఒక్కతే పోదామనుకుంది.

అవతలి తలుపు తెరుచుకుంది. దేవమ్మ చెప్పులేసుకుని వచ్చి, కట్టు చెయ్యి ఒడిలో పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుంది.

"అమ్మా, యాడికే నువ్వు?" అన్నాడు సతీష్.

దేవమ్మ ముందుకు చూస్తూ కూర్చుంది. కృప వంగి, చెయ్యికి తగలకుండా, బెల్టు లాగి పెట్టింది. విరిగిన చేత్తో, అదే కారులో, అదే సీట్లో. కృప బండి తీసింది. తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాకిట్లో మిగిలిపోయారు.

రోడ్డు ఎక్కాక స్టీరింగ్ ఎంత తేడాగా ఉందో తెలిసింది. వేలు కదిలితే బండి కదులుతోంది. పొద్దు వాలింది. దుమ్ము బంగారు రంగులో లేచి లేచి కూర్చుంటోంది. పత్తి చేలు మొదలయ్యాయి. కొన్ని ఏరేశారు, కొన్ని ఇంకా తెల్లగా ఉన్నాయి.

"మీ మామ కట్టంగ నేను చూసిన," అంది దేవమ్మ.

వారం తర్వాత విన్న ఆ గొంతుకు కృప ఉలిక్కిపడింది. "తెలుసా అత్తమ్మా నీకు? మల్ల ఎందుకు చెప్పలె? వారం దినాలు నన్ను అందరు అంటుంటే..."

"ఏమని చెప్పాలె బిడ్డా? ఒకటి చెప్తె రెండోది గూడ చెప్పాలె గద. ఒక్కటే చెప్తె అబద్ధమైతది. రెండు చెప్తె ఇద్దరు ఆగమైతరు. గందుకే నోరు కట్టేసుకున్న."

"రెండోది ఏంది?"

దేవమ్మ కట్టు చెయ్యిని ఒడిలో సర్దుకుంది. "ఆ దినం నీ కండ్లు తొవ్వ మీద లేకుండె."

కృప కాలు పెడల్ మీద నుంచి దానంతట అదే లేచింది. కారు నెమ్మదించింది.

"మబ్బుల దిక్కు చూస్తుంటివి. నీలో నువ్వే నవ్వుకుంటుంటివి."

"ఎంతసేపు?" గొంతు తనది కానట్టు వచ్చింది. "అత్తమ్మా, నిజం చెప్పు. బండి గుంజినంకనే తొవ్వ దిగిందా? నేను చూడకుంటె బండి పోయిందా? ముందు ఏమైంది? నువ్వు పక్కనే ఉంటివి గద."

"నాకు తెల్వదు బిడ్డా."

"పక్కనే ఉంటివి!"

"ఉంటి. నువ్వు నవ్వుతుంటె మంచిగ అనిపిచ్చింది. నీ మొకమే చూస్తుంటి. తొవ్వ నేను గూడ చూడలె."

ఎదురుగా వంపు వచ్చింది. అవతల, కంచె తెగిన చోట, ఆ చేను. కృప రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుంది. అది బిగువుగా ఉంది, చెప్పిన మాట వింటోంది. ఇక ఈ బండి ఎటు పోయినా దాని మీద నెట్టడానికి లేదు. పక్కన అత్తమ్మ ఇప్పుడు రోడ్డు వైపు చూస్తోందో, తన ముఖం వైపు చూస్తోందో ఒక్కసారి చూడాలని ఎంతగానో అనిపించింది. కృప చూడలేదు.